రిజిస్ట్రేషన్ల శాఖలో కంప్యూటర్లు: యంత్రాలు కొన్నంత సులువుగా రాని నేర్పు

స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ తెలుగునాట కంప్యూటర్లను పెద్ద ఎత్తున ప్రజాసేవలోకి తెచ్చిన తొలి ప్రభుత్వ శాఖల్లో ఒకటి. 1996లో ఆలోచనగా మొదలై, సుమారు 13 కోట్ల రూపాయల ఖర్చుతో సిద్ధమై, 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఒకేసారి ఆరంభమైన ఆ పథకాన్ని ‘కార్డ్’ (కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్) అనే పొట్టి పేరుతోనే అందరూ ఎరుగుదురు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మారింది, సర్వర్లు మారాయి, రాష్ట్రం రెండైంది. అయినా శాఖ ఎదుర్కొంటున్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఒక్క చోటికే వచ్చి ఆగుతాయి: యంత్రం మీద పనిచేసే నేర్పు ఎవరి దగ్గర ఉంది, ఆ పనికి చట్టప్రకారం జవాబుదారీ ఎవరు, ఈ ఇద్దరూ ఒకరేనా అన్న దగ్గరకు.

దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ రాకముందు ఆ కార్యాలయంలో పని ఎలా జరిగేదో చూడాలి. స్టాంపు కాగితం మీద దస్తావేజు లేఖరి రాసిన పత్రాన్ని పక్షాలు దాఖలు చేస్తే, సబ్‌రిజిస్ట్రార్ మార్కెట్ విలువల రిజిస్టరు తిరగేసి స్టాంపు సుంకం సరిపోయిందో లేదో చూసి, రాసిచ్చినవారి గుర్తింపును సాక్షుల ద్వారా నిర్ధారించుకొని, వేలిముద్రలు వేయించి, పత్రం వెనుక ఎండార్స్‌మెంటు, అంటే నమోదు ధ్రువీకరణ, రాసేవారు. ఆ తర్వాత దస్తావేజు మొత్తాన్ని గుమాస్తా అక్షరం పొల్లుపోకుండా ఒకటో పుస్తకంలోకి (స్థిరాస్తి పత్రాల రిజిస్టరులోకి) చేత్తో ఎత్తిరాసి, పేర్ల వారీగా ఒక సూచికను, ఆస్తుల వారీగా మరొక సూచికను నింపాలి. ఈ ఎత్తిరాత పూర్తయితేగాని అసలు పత్రం కొనుగోలుదారు చేతికి వచ్చేది కాదు. ఎవరైనా ఈసీ (ఒక ఆస్తి మీద ఏ లావాదేవీలు నమోదయ్యాయో చెప్పే ధ్రువపత్రం) అడిగితే, కోరినన్ని సంవత్సరాల సూచిక వాల్యూమ్‌లను బీరువాల్లోంచి దించి ఒక్కో పేజీ వెతకవలసిందే. పని నెమ్మదిగా సాగేది, పొరపాట్లు జరిగేవి, చేయి తడపనిదే వాల్యూమ్ కదలదన్న ఫిర్యాదులూ ఉండేవి. అయితే ఆ పద్ధతిలో ఒక మంచి లక్షణం ఉంది: చేతితో చేసే ప్రతి మెట్టునూ సబ్‌రిజిస్ట్రార్లలో చాలామంది స్వయంగా గుమాస్తాగానో, సీనియర్ అసిస్టెంటుగానో చేసి ఉండేవారు. కిందివారు ఎక్కడ తప్పు చేయగలరో, దాన్ని ఎలా పట్టుకోవాలో వారికి అనుభవం వల్ల తెలిసేది.

కార్డ్ పథకం కింద ప్రతి కార్యాలయంలో ఒక సర్వరు, దానికి అనుసంధానించిన కొన్ని కంప్యూటర్లు, ప్రింటర్లు, స్కానర్లు ఏర్పాటయ్యాయి. ఎత్తిరాత పోయి, దాని స్థానంలో స్కానింగ్ వచ్చింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి ఫ్లాపీలు, డిస్కుల్లో పుస్తకాలను నిర్వహించవచ్చని చెప్పే 16-ఏ సెక్షన్‌ను 2001లో పార్లమెంటు చేర్చింది. అంటే యంత్రం వచ్చిన చాలా కాలానికిగాని దేశమంతటికీ వర్తించే చట్టం దాన్ని గుర్తించలేదు. ఈసీ జారీ రోజుల పని నుంచి నిమిషాల పనిగా మారింది. ఇందుకు కారణం యంత్రం వేగం ఒక్కటే కాదు. పాత సూచికల్లోని వివరాలను ఏళ్ల తరబడి వెనక్కు వెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించిన పెద్ద శ్రమ దాని వెనుక ఉంది. నేటికీ ఆన్‌లైన్‌లో ఈసీ వెతికేవారికి 1983 జనవరి 1 నుంచి మాత్రమే వివరాలు దొరకడం ఆ శ్రమ ఎక్కడ ఆగిందో చెబుతుంది. అంతకు ముందు సంవత్సరాలకు ఇప్పటికీ కార్యాలయానికి వెళ్లి వాల్యూమ్‌లు చూపించుకోవలసిందే.

ఈ డేటా నమోదు గురించి కాస్త ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే శిక్షణ లోపం దీర్ఘకాలం వెంటాడే చోటు ఇదే. దస్తావేజు తెలుగులో ఉంటుంది, ఈసీలో పేర్లు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో వస్తాయి. వెంకటేశ్వర్లు అనే ఒక్క పేరును ఆ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాయవచ్చు. ఇంటిపేరును ముందు పెట్టేవారు, వెనుక పెట్టేవారు, పొడి అక్షరంతో సరిపెట్టేవారు ఉంటారు. నమోదు చేసేవారికి ఒక కట్టుబాటు నేర్పి, దాన్ని కాగితం మీద రాసి ఇచ్చి, నమూనాగా కొన్ని పేర్లు చేయించి చూసి ఉంటే, ఒక మనిషి ఆస్తులన్నీ ఒకే వెతుకులాటలో బయటపడతాయి. అది జరగనిచోట అదే మనిషి సూచికలో ముగ్గురుగా కనిపిస్తాడు. సర్వే నంబరు విషయంలో నష్టం ఇంకా తీవ్రం. దస్తావేజులో బై నంబరుతో (సర్వే నంబరులోని ఉపవిభాగాన్ని సూచించే అంకెతో) సహా ఉన్న సర్వే నంబరును తొందరలో మూల నంబరుగా మాత్రమే ఎక్కిస్తే, ఆ మూల నంబరులోని ఒక చిన్న ముక్క రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉన్నప్పుడు మిగతా రైతుల భూమి కూడా అమ్మకానికి వీలు లేకుండా ఆగిపోతుంది. కీబోర్డు మీద మూడు మీటలు నొక్కకపోవడం వల్ల ఒక కుటుంబం ఆడపిల్ల పెళ్లికి అమ్ముకోదలచిన పొలం ఏళ్ల తరబడి కలెక్టరేట్ చుట్టూ తిరిగే అర్జీగా మారుతుంది. టైపింగ్ వేగం ఎంత ఉన్నా ఈ ప్రమాదం తగ్గదు. బై నంబరు అంటే ఏమిటో, అది తప్పిపోతే ఎవరికి ఏమవుతుందో తెలిసినప్పుడే తగ్గుతుంది.

ప్రభుత్వ శాఖల్లో ఐటీ శిక్షణ పేరుతో జరిగేదానిలో ఈ రెండో రకం జ్ఞానానికి చోటు చాలా తక్కువ. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షలో అభ్యర్థి ఒక లేఖను టైపు చేసి, ఒక పట్టిక తయారుచేసి, కొన్ని స్లైడ్ల ప్రదర్శన కూర్చి, ఈ-మెయిల్ వాడకం చూపిస్తే సరిపోతుంది. ఇవన్నీ అవసరమైన పనులే, ఆ పరీక్ష వల్ల ఉద్యోగుల్లో యంత్రమంటే ఉన్న బెరుకు పోయిన మాటా నిజమే. కానీ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రోజంతా తెరచి ఉండేది వర్డ్ కాదు, ఎక్సెల్ కాదు. శాఖ సొంత సాఫ్ట్‌వేర్. దానిలో ఏ తెర తర్వాత ఏ తెర వస్తుంది, ఏ మీట నొక్కాక వెనక్కు రావడం కుదరదు, ఎవరి ఆమోదం ఎక్కడ నమోదవుతుంది అన్నవి బయటి పరీక్ష ఏదీ నేర్పలేదు.

రిజిస్ట్రేషన్ ప్రక్రియలో చెక్‌స్లిప్ అనే మెట్టు ఇందుకు మంచి ఉదాహరణ. దస్తావేజులోని వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించిన తర్వాత, రిజిస్ట్రేషన్ పూర్తికాకముందే, ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద ముద్రించి పక్షాలకు చూపిస్తారు. పేర్లు, హద్దులు, విస్తీర్ణం, సర్వే నంబరు సరిపోయాయో లేదో వారు చదివి చెప్పాలి. పథకాన్ని రూపొందించినవారు ఎంతో ముందుచూపుతో పెట్టిన మెట్టు ఇది. అయితే కౌంటర్ దగ్గర జనం గుమికూడినప్పుడు ఆ కాగితం దస్తావేజు లేఖరి చేతిలోంచే అటూ ఇటూ తిరిగి, కొన్నవారు చదవకుండానే సంతకానికి వెళ్లడం సాధారణం. అక్షరం రానివారికి దాన్ని చదివి వినిపించే బాధ్యత ఎవరిదో సిబ్బందికి స్పష్టంగా నేర్పకపోతే, ఆ మెట్టు ఉన్నా లేనట్టే. తర్వాత తప్పు బయటపడితే సవరణ దస్తావేజు రాయించుకోవాలి. అమ్మినవారు చనిపోతేనో, ఊరు వదిలి వెళితేనో ఆ సవరణకు ఎన్ని తిప్పలు పడాలో ఆ దారిలో నడిచినవారికి తెలుసు. 2004లో వెలువడిన ఒక క్షేత్రస్థాయి పరిశీలన, కార్డ్ వచ్చాక కూడా మధ్యవర్తుల మీద ఆధారపడటం, అవినీతి చెప్పుకోదగినంతగా తగ్గలేదని వాదించింది. ఆ వాదన మొత్తాన్ని అంగీకరించకపోయినా, ఒక మాట ఒప్పుకోక తప్పదు: ప్రజలకు, ఉద్యోగులకు కొత్త పద్ధతిని సరిగ్గా నేర్పనిచోట, దాన్ని ముందుగా నేర్చుకున్న మధ్యవర్తి మునుపటికంటే బలపడతాడు.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన నకిలీ చలానాల వ్యవహారం ఈ బలహీనతను అందరి కళ్లకూ కట్టింది. అప్పట్లో స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము చెల్లించాలంటే ఆన్‌లైన్‌లో ఖజానాకు సొమ్ము కట్టి, వచ్చిన చలానా కాగితాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇవ్వవలసి ఉండేది. కొందరు తక్కువ మొత్తానికి చలానా తీసి, దాని మీది అంకెలను కంప్యూటర్లో దిద్ది, ఎక్కువ మొత్తం కట్టినట్టుగా ముద్రించి ఇచ్చారు. చెల్లింపుల వ్యవస్థ, రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ అప్పటికి ఒకదానితో ఒకటి నేరుగా కలిసి లేనందువల్ల, కాగితం మీది అంకెకూ ఖజానాలో జమ అయిన మొత్తానికీ ఉన్న తేడాను ఎవరో ఒకరు తెర మీద చూసి పట్టుకోవలసి ఉండేది. అనేక కార్యాలయాల్లో అలా చూడలేదు. కోట్ల రూపాయల ఆదాయం పోయింది, సబ్‌రిజిస్ట్రార్ల మీద సస్పెన్షన్ వేటు పడింది. తర్వాత రెండు వ్యవస్థలనూ అనుసంధానించారు. అది సరైన చర్యే, చాలా ముందే జరగవలసిన చర్య. కానీ ముద్రించిన కాగితం సాక్ష్యం కాదని, ఖజానా తెర మీద కనిపించేదే సాక్ష్యమని ఒక్క పూట కూర్చోబెట్టి నేర్పి ఉంటే, అనుసంధానం కాకముందే ఆ మోసం ఏదో ఒక కార్యాలయంలో మొదటి వారంలోనే దొరికిపోయేది. చేతిరాత కాలపు సబ్‌రిజిస్ట్రార్‌కు దిద్దిన అంకె చూడగానే తెలిసేది. తెర మీద, ముద్రణలో దిద్దుబాటు జాడ కనిపించదు. పాత నేర్పుకు విలువ పోయినచోట కొత్త నేర్పు ఏదీ అందించలేదన్నదే అసలు లోపం.

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్ పని ఎక్కువగా చేసేది పొరుగుసేవల ఆపరేటర్లు. వారిలో చాలామంది ఒకే కార్యాలయంలో ఏళ్ల తరబడి ఉంటారు; సబ్‌రిజిస్ట్రార్ మాత్రం బదిలీ మీద వచ్చి, సాఫ్ట్‌వేర్ అలవాటయ్యేలోగా మళ్లీ బదిలీ అవుతారు. దాంతో ఏ తెరలో ఏముందో, ఏ పొరపాటును ఎలా సరిదిద్దాలో తెలిసిన ఏకైక మనిషి ఆపరేటరే అవుతాడు. ఆయన నిజాయతీపరుడైతే కార్యాలయం సాఫీగా నడుస్తుంది, కానీ అది వ్యవస్థ గొప్పతనం కాదు. ఆయన తక్కువ జీతంతో, ఉద్యోగ భద్రత లేకుండా పనిచేసే మనిషి. శాఖ ఏర్పాటుచేసే శిక్షణ తరగతుల జాబితాలో తరచుగా ఆయన పేరే ఉండదు, ఎందుకంటే ఆయన శాఖ ఉద్యోగి కాదు. శిక్షణ ధ్రువపత్రం పొందిన అధికారి యంత్రం ముందు కూర్చోరు. కూర్చునే ఆపరేటర్‌కు ఎవరూ ఏదీ నేర్పరు. ఈ రెండు అన్యాయాలూ ఒకే సమస్యకు చెందినవి.

ఈ ఆధారపడటం చివరకు పాస్‌వర్డ్ దాకా, డిజిటల్ సంతకం డాంగిల్ (సంతకపు రహస్య కీ ఉండే చిన్న పరికరం) దాకా వెళుతుంది. రెవెన్యూ కార్యాలయాల్లోనూ, మరికొన్ని శాఖల్లోనూ అధికారి డాంగిల్ ఆపరేటర్ బల్ల మీదే ఉండిపోయే అలవాటు అందరికీ తెలిసిందే. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉన్న సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్, సంతకానికి సంబంధించిన రహస్య కీని తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యతను దాని యజమాని మీదే పెట్టింది. అంటే డాంగిల్‌ను వేరొకరికి అప్పగించిన అధికారి, తాను చూడని పత్రాలకు కూడా తానే జవాబు చెప్పాలి. ఈ ఒక్క సెక్షన్‌ను, దాని పర్యవసానాలను వివరించే గంట తరగతి, పట్టికలు గీయడం నేర్పే వారం రోజుల తరగతికంటే ఒక సబ్‌రిజిస్ట్రార్‌కు ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరికరాల సంగతికి వస్తే, అక్కడి లోపాలు వేరు. యంత్రాన్ని కొనేటప్పుడు టెండరు, ధర, ప్రారంభోత్సవం అన్నీ ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచి ఏపీటీఎస్ (ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్) శాఖల తరఫున కొనుగోళ్లు చూస్తూ వచ్చింది. 2016లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్లకు జెమ్ పోర్టల్ తెచ్చింది. కొనడం తెలియని పని కాదు. కొన్న తర్వాతి నాలుగైదు ఏళ్ల ఖర్చే ఎవరి పద్దులోనూ సరిగ్గా పడదు. యూపీఎస్ బ్యాటరీలు రెండు మూడేళ్లకే చచ్చుబడతాయి; కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న రిజిస్ట్రేషన్ ఆగిపోతే, బయట ఎండలో నిలబడ్డ పక్షాలకు, సాక్షులకు ఆ రోజు కూలి పోయినట్టే. కార్ట్రిడ్జి అయిపోయి, చిల్లర ఖర్చుల కింద కొనడానికి మంజూరు లేక, లేఖరుల చేతే కాగితాలు, సిరా తెప్పించుకునే కార్యాలయం తన నిష్పాక్షికతను ఆ మేరకు వదులుకున్నట్టే. నిర్వహణ ఒప్పందం గడువు ముగిశాక స్కానర్ చెడిపోతే, ఆ రోజు పత్రాలను తర్వాత స్కాన్ చేద్దామని పక్కన పెడతారు. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందన్నది అక్కడి పని ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. పొలం పనుల్లో వేళ్ల గీతలు అరిగిపోయినవారి ముద్రను వేలిముద్ర యంత్రం గుర్తించనప్పుడు ఏ వేలు ప్రయత్నించాలో, కనుపాపతో గుర్తించే వీలు ఉందో లేదో తెలియక వృద్ధులను వెనక్కు పంపిన సందర్భాల్లో, పరికరం లోపం ఎక్కడ ముగిసి శిక్షణ లోపం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

ప్రతి యంత్రానికీ ఒక గడువు ఉంటుంది, అది చాలాసార్లు ముందే తెలిసినదే. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ తేదీలను ఆ సంస్థ ఏళ్ల ముందే ప్రకటించింది. అయినా పాత యంత్రాల మార్పిడికి సొమ్మును ముందే బడ్జెట్‌లో పెట్టుకునే అలవాటు శాఖల్లో లేదు. యంత్రం పూర్తిగా మూలపడ్డాకనే ప్రతిపాదన కదులుతుంది. మూలపడ్డవాటి గతి కూడా చెప్పుకోవాలి. ఆస్తి పత్రాల స్కాన్ ప్రతులు, వేలిముద్రలు ఉన్న హార్డ్‌డిస్కును పూర్తిగా చెరిపివేయకుండా తుక్కు కింద వేలం వేస్తే, అది ప్రజల రహస్యాలను బజారులో అమ్మడమే. ఈ-వ్యర్థాల నియమాలు పెద్ద వినియోగదారుల మీద పెట్టిన బాధ్యత వ్యర్థాన్ని గుర్తింపు పొందినవారికి అప్పగించేదాకానే. డిస్కులోని సమాచారం సంగతి చూసుకోవలసింది కార్యాలయమే, అది ఎలాగో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి.

ప్రతి కార్యాలయానికీ సొంత సర్వరు ఉన్న తొలి ఏర్పాటు నుంచి కేంద్ర సర్వర్ల పద్ధతికి మారడం వల్ల ఒక చోట చెడిపోయిన సర్వరుతో పాటు అక్కడి వివరాలూ పోయే ప్రమాదం తగ్గింది. బదులుగా కొత్త పరాధీనత వచ్చింది: లైను తెగినా, కేంద్రంలో మరమ్మతు జరుగుతున్నా, రాష్ట్రంలోని కార్యాలయాలన్నీ ఒకేసారి చేతులు ముడుచుకు కూర్చోవాలి. ‘సర్వర్ డౌన్’ అన్న మాట తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే శీర్షికగా మారింది. అలాంటి పూట కార్యాలయం ఏం చేయాలో, ముహూర్తం చూసుకొని దూరం నుంచి వచ్చినవారి పత్రాలను ఏ క్రమంలో తీసుకోవాలో, మళ్లీ లైను వచ్చాక నంబర్లు ఎలా ఇవ్వాలో ముందే రాసి, సాధన చేయించిన నియమావళి ఉండాలి. వ్యవస్థ ఆగిపోయిన వేళ ఏం చేయాలో నేర్పని శిక్షణ సగం శిక్షణే.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూరికార్డుల ధరణి పోర్టల్ ప్రారంభమైనప్పుడు ఇదే సమస్య మరింత తీవ్రంగా ఎదురైంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ బాధ్యత తహసీల్దార్లకు వచ్చింది. అంతవరకూ దస్తావేజుల పని తెలియని అధికారులు కొద్ది రోజుల్లోనే జాయింట్ సబ్‌రిజిస్ట్రార్లయ్యారు. దాదాపు అదే సమయంలో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దుచేయడంతో, ఊళ్లో ఏ సర్వే నంబరులో ఎవరు సాగులో ఉన్నారో తెలిసినవారు రికార్డుకు దూరమయ్యారు. పేరు తప్పు పడినా, విస్తీర్ణం తేడా వచ్చినా సరిదిద్దే వీలు తొలినాళ్లలో మండల స్థాయిలో లేదు. యంత్రాలు, బయోమెట్రిక్ పరికరాలు, నెట్ లైన్లు ప్రతి తహసీల్ కార్యాలయానికీ చేరాయి. భూమి గురించిన జ్ఞానం మాత్రం దాదాపు అదే నెలల్లో అక్కడి నుంచి బయటకు వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైనప్పుడు సవరణ అధికారాలను కింది స్థాయికి తిరిగి ఇవ్వడం, ఆ జ్ఞానం లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే పని చేయలేదని ఒప్పుకోవడమే.

ఇక శిక్షణ ఎలా ఉండాలన్నది. ఇందుకు వేదికలు లేకపోలేదు. హైదరాబాద్‌లో డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగి కింద ఐగాట్ అనే ఆన్‌లైన్ వేదిక మీద ఉద్యోగులు ఇంటి నుంచే పాఠాలు చదువుకోవచ్చు. ఇవి సాధారణ విషయాలకు చాలు. శాఖ సొంత సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వేరే ఏర్పాటు కావాలి: అచ్చం అసలు దానిలాగే ఉంటూ, కల్పిత పేర్లు, కల్పిత సర్వే నంబర్లతో నింపిన సాధన సర్వరు ఒకటి ఉండి, కొత్తగా బదిలీ మీద వచ్చిన సబ్‌రిజిస్ట్రార్, కొత్తగా చేరిన ఆపరేటర్ పక్కపక్కన కూర్చొని కొన్ని దస్తావేజులను మొదటి నుంచి చివరిదాకా చేసి, తప్పులు చేసి, సరిదిద్దుకొని, ఆ తర్వాతే అసలు తెర ముందుకు రావాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక తెర మారిన ప్రతిసారీ ఇంగ్లిషులో ఒక సర్క్యులర్ పంపి ఊరుకోకుండా, మారినదేమిటో, ఎందుకు మారిందో తెలుగులో రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. కౌంటర్ నడుస్తుండగా అందరినీ ఒకేసారి తరగతికి పిలిస్తే జనం ఇబ్బంది పడతారు కాబట్టి, రిజిస్ట్రేషన్లు తక్కువగా జరిగే ఆషాఢం, మూఢం రోజుల్లో విడతలుగా పెట్టుకోవచ్చు. ఆ రోజులు ఎప్పుడొస్తాయో శాఖకు ఏటా పంచాంగమే చెబుతుంది.

ఎవరికి ఏ శిక్షణ కావాలో తెలుసుకోవడానికి కావలసిన సమాచారం కూడా శాఖ దగ్గరే ఉంది. ప్రస్తుతం కార్యాలయాల పనితీరును కొలిచేది ఎన్ని దస్తావేజులు, ఎంత ఆదాయం అన్న రెండు అంకెలతో. ఏ కార్యాలయం నుంచి ఎన్ని సవరణ దస్తావేజులు వస్తున్నాయి, అందులో పేర్ల తప్పులెన్ని, సర్వే నంబరు తప్పులెన్ని, హద్దుల తప్పులెన్ని అన్నది అదే డేటాబేస్ నుంచి మూడు నెలలకోసారి తీసి చూస్తే, ఫలానా కార్యాలయానికి కొత్త స్కానర్ కావాలో, ఆపరేటర్‌కు బై నంబర్ల పాఠం కావాలో, చెక్‌స్లిప్‌ను చదివి వినిపించే మనిషి కావాలో జిల్లా రిజిస్ట్రార్‌కు తెలుస్తుంది. శిక్షణకు కేటాయించే సొమ్మును అందరికీ సమానంగా పంచే బదులు, ముందుగా ఆ కార్యాలయాలకే ఇవ్వవచ్చు.